తెర మీది పది నిమిషాలు

మిర్యాలగూడలో గందె సీతారామయ్య మిల్లు ఉప్పుడు బియ్యానికి పేరు పొందింది. ఆ పేరు వెనక సేవ్యా అనే కూలీ చేసే పని ఒకటి ఉంది. వడ్లు నానిన తొట్టిలోంచి నీళ్లు దిగిపోగానే అతను పైపుల సందులోంచి తొట్టి కిందికి దూరుతాడు. వెల్లకిలా పడుకుని, అడుగున ఉన్న ఇనుప మూత విప్పి, జల్లెడకు పట్టిన ఊకను బ్రష్షుతో గీకి, మళ్లీ మూత బిగించి బయటపడతాడు. ఆ తర్వాత కంప్యూటరు తనంతట తానే తొట్టిలోకి ఆవిరి వదులుతుంది. నీళ్లు ఆగిన పది నిమిషాలకు వదలాలని దానికి నేర్పి పెట్టారు. మూత తెరిచి ఉండగా ఆవిరి వచ్చిందంటే కింద ఉన్న మనిషి మిగలడు. అందుకే ఆ మిల్లులో సేటు మాట కన్నా కంప్యూటరు మాటకు విలువ ఎక్కువ.

అంత విలువైన కంప్యూటరును దసరా నాడు సీతారామయ్యే తన చేతులతో చంపాడు. ఆయుధ పూజకు మిల్లులో ఉన్న ప్రతి మిషనుకూ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టడం వాళ్లకు తాతల నాటి ఆచారం. ఏటా కంప్యూటరు ముందు గడప మీద కొట్టేవాడు. ఈ ఏడు భక్తి కాస్త పొంగింది కాబోలు, డబ్బాకు దండ వేసి దాని నెత్తి మీదే కొట్టాడు. కాయ దేవుడికి చేరింది, నీళ్లు మాత్రం డబ్బా లోపలికి చేరాయి. తెల్లవారి స్విచ్చి వేస్తే టప్పుమని పొగ వచ్చి ఊరుకుంది.

వచ్చిన మెకానిక్‌లందరిదీ ఒకటే పాట. కొత్త కంప్యూటరు కొను, ప్రోగ్రాము కొత్తగా రాయించు, మూడు నెలలు ఆగు. అవతల వానాకాలం వడ్లు మిల్లు వాకిట్లో కుప్పలు పడుతుంటే మూడు నెలలు ఎవరు ఆగుతారు? చివరికి ఎవరో సూర్యాపేటలో ప్రత్యూష పేరు చెప్పారు. ముప్పై రెండేళ్ల ప్రత్యూష రోజూ చివ్వెంల నుంచి స్కూటీ మీద వచ్చి పాత బస్టాండు దగ్గర షాపు నడుపుతుంది. అందరూ వదిలేసిన పాత ప్రోగ్రాములను కొత్త కంప్యూటర్ల మీద నడిపించడం ఆమె విద్య. జనం ఆ షాపును పాత కంప్యూటర్ల దవాఖాన అంటారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల మహా గర్వం.

ఆమె వచ్చి కాలిపోయిన డబ్బా విప్పింది. లోపలి డిస్కు సగం చదవనిచ్చి సగం మొండికేసింది. దాంతో ఆ ప్రోగ్రాము రాసిన దామోదర్ సారును వెతుక్కుంటూ మునగాల మీదుగా కోదాడ వెళ్లింది. ఆయన తొంభై ఎనిమిదిలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతూ, చుట్టుపక్కల మిల్లులకు ఇలాంటివి రాసిచ్చేవాడు. ఇప్పుడు మనవరాలికి జడ వేస్తూ కూర్చుని ఉన్నాడు. బీరువా మీది నుంచి సీడీ ఒకటి తీసి, "ఇదింకా బతికే ఉందా తల్లీ?" అని నవ్వి ఆమె చేతిలో పెట్టాడు. ఆమెకు బస్సు వేళైంది, ఆయనకు మనవరాలి స్కూలు వేళైంది. అడగాల్సినవి ఆమె అడగలేదు, చెప్పాల్సినవి ఆయన చెప్పలేదు.

గురువారం పొద్దున ఆమె కొత్త కంప్యూటరుతో మిల్లులో దిగేసరికి కొంప మునిగి ఉంది. సీతారామయ్య తొట్టినిండా వడ్లు పోయించి వేడినీళ్లు పెట్టించేశాడు.

"సేటు, నేనింక కంప్యూటర్ పెట్టనే లేదు గదా!"

"ముహూర్తం ఆరు పదికి ఉండె బిడ్డా. సీజన్ల ఇది తొలి తొట్టి. నీ కంప్యూటర్ కోసం ముహూర్తం ఆగుతదా?"

ముహూర్తం ఆగదు సరే, వడ్లు మాత్రం ఆగుతాయా? వేడినీళ్లలో ఎనిమిది గంటలు దాటితే పులుపు పడతాయి. అంటే మధ్యాహ్నం రెండింటికల్లా నీళ్లు వదలాలి. తొమ్మిదిన్నర అయింది. ప్రత్యూష మెట్లెక్కి కంప్యూటరు గదిలోకి పోయి కూర్చుంది.

పాత ప్రోగ్రామును కొత్త కంప్యూటరు గడప కూడా తొక్కనివ్వలేదు. ఇది నా దగ్గర నడవదని తెర మీద ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంది. ఆమెకు ఇది కొత్త కాదు. కొత్త కంప్యూటరు లోపలే ఒక పాత కంప్యూటరు ఉన్నట్టు భ్రమ కల్పించే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది. చిన్నప్పటి ఆటలు మళ్లీ ఆడుకోవాలని ముచ్చటపడ్డ వాళ్ల కోసం ఎవరో పుణ్యాత్ములు రాసి ఊరికే ఇచ్చారు. దాంట్లో పెడితే పాత ప్రోగ్రాము తానింకా పాత కాలంలోనే ఉన్నాననుకుని బుద్ధిగా పని చేస్తుంది. వాల్వులను నడిపే ఇనుప పెట్టె కేబులు పట్టడానికి కొత్తదానికి తగిన రంధ్రం లేదు. మధ్యలో ఒక కన్వర్టరు పెట్టింది. అది మొదట కుదరలేదు. రెండోసారి కుదిరింది గాని పెట్టె పలకలేదు. మూడోసారి పన్నెండున్నరకు నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

కాని తెర నత్తనడక నడుస్తోంది. ఒక మీట నొక్కితే ఒక్కో గీతా పుట్టుకు రావడానికి ఊపిరి పీల్చి వదిలేంత సేపు పడుతోంది. సీతారామయ్య ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. ఒంటి గంట నుంచి ఆయన గడియారం చూడటం, నిట్టూర్చడం తప్ప వేరే పని చేయలేదు.

"గింత కొత్త కంప్యూటర్ గిట్ల నడుస్తదా బిడ్డా? నా పాతదే నయముండె."

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని చిన్నప్పుడు బళ్లో చదివిందే. వెనక నిలబడి ఒకరు నిట్టూరుస్తుంటే ఏ సామెతా గుర్తుకు రాదు. ఆ సాఫ్ట్‌వేరులో వేగం పెంచడానికి రెండు మీటలున్నాయి. వాటిని నొక్కి పట్టింది. తెర జింకలా పరుగెత్తింది. సీతారామయ్య ముఖం విచ్చుకుంది. ఆమె వాల్వులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది, మూసి చూసింది. కింద టక్కు టక్కుమని అన్నీ చెప్పిన మాట విన్నాయి. చూడాల్సింది అంతటితో అయిపోయిందనుకుంది.

తలుపు దగ్గరికి సేవ్యా వచ్చి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, బక్క పలచన. పైపుల సందులో దూరడానికే పుట్టినట్టుంటాడు.

"అయిందా మేడం? పైలంగ సూసినవా?"

"సూసిన సేవ్యన్నా. అన్ని వాల్వులు కొట్టి సూసిన."

"అంత ఎన్కటి లెక్కనేనా?"

"ఎన్కటి లెక్కనే."

అతను తలాడించి, గోడకు ఉన్న బ్రష్షు తీసుకుని దిగిపోయాడు. ఆమె ప్రోగ్రాము మొదలుపెట్టింది. తొట్టి అడుగు వాల్వు తెరుచుకుంది, నీళ్లు పోవడం మొదలైంది. అవి పోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నీళ్లు పూర్తిగా ఆగాయని తొట్టిలోని తేలుడు బిళ్ల కబురు పెడితే అప్పుడు తెర మీద '10 నిమిషాలు ఆగండి' అని వస్తుంది. అంతవరకు చేసేదేమీ లేదు. సీతారామయ్య సంబరంగా మిర్చి బజ్జీలకు మనిషిని పంపి, తాను ఆఫీసు గదిలోకి పోయాడు.

అప్పుడు దామోదర్ సారు ఫోను చేశాడు. మిల్లు రొదలో హలో తప్ప ఏమీ వినపడలేదు. ప్రత్యూష ఒక చెవి మూసుకుని మెట్లు దిగి, వాకిలి దాటి, లారీలు ఆగే గేటు దాకా వెళ్లింది. తొట్టి నుంచి వచ్చే పచ్చని నీళ్లు పక్కన సిమెంటు కాలువలో పొగలు కక్కుతూ పారుతున్నాయి.

"నడిచిందా అమ్మా?" అన్నాడు ఆయన.

"నడిచింది సార్. మొదట జర మెల్లగుండె, స్పీడ్ పెంచిన. ఇప్పుడు దూసుకపోతున్నది."

అటు కంచం పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది.

"స్పీడు పెంచావా? ఆ పది నిమిషాలు గడియారం పెట్టి చూశావా తల్లీ?"

"తెర మీద పది అనే ఉన్నది గదా సార్."

"తెర మీద ఉంటుందమ్మా, అది నేను రాసిన అక్షరం. అప్పట్లో రోజుకు ఆరుసార్లు కరెంటు పోయేది. కంప్యూటర్లో గడియారం ఎప్పుడు చూసినా తప్పే. అందుకని గడియారాన్ని నమ్మకుండా మిషను చేత అంకెలు లెక్కపెట్టించాను. ఫలానా అంకె వచ్చేసరికి ఆనాటి ఆ మిషను మీద పది నిమిషాలయ్యేది. వేరే మిషను మీద పెడితే అది పది కాదు. అన్నం తింటుంటే గుర్తొచ్చి చేస్తున్నా. ఎన్ని రెట్లు పెంచావు?"

"పది... పైనే ఉంటది సార్."

"నిమిషం కూడా ఉండదు తల్లీ! ఆ ఇనుప పెట్టె ప్లగ్గు పీకెయ్. కరెంటు లేకపోతే వాల్వు తెరుచుకోదు. ముందు పో!"

ప్రత్యూష కాలువ వైపు చూసింది. ఇందాక అంచుల దాకా పారిన నీళ్లు వేలెడు ధారగా సన్నబడ్డాయి. చూస్తుండగానే అది కూడా తెగి చుక్కలైంది. అంటే తొట్టిలో నీళ్లు ఆగిపోయాయి. అంటే సేవ్యా ఈపాటికి కిందికి దూరుతున్నాడు.

ఆమె పరుగెత్తింది. ఫోను ఎక్కడ పడేసిందో తెలియదు. వాకిట్లో ఆరబోసిన వడ్ల మీద చెప్పులు జారాయి, వాటిని అక్కడే విడిచేసింది. "సేవ్యన్నా! బయటికి రా!" అని గొంతు చించుకుని అరిచింది. మిల్లు రొద ఆ కేకను నమిలి మింగేసింది. బస్తాలు మోసే వాళ్లు ఆగి, ఈ మేడంకు ఏం పుట్టిందని చూశారు. ప్లగ్గు తొట్టి వెనక, ఇరవై మెట్ల పైన గదిలో ఉంది. మనిషి తొట్టి కింద ఉన్నాడు. ఎటు పోవాలి? మెట్లెక్కే లోపు నిమిషం అయిపోతే? ఆలోచించే తీరిక కూడా లేదు, కాళ్లు తొట్టి వైపే పోయాయి.

పైపుల సందులోంచి రెండు పాదాలు బయటికి కనిపిస్తున్నాయి. ఆమె మోకాళ్ల మీద పడి రెండు చీలమండలూ పట్టుకుని లాగింది. అతను అదిరిపడి ఒక కాలు విదిలించి తన్నాడు. అది ఆమె భుజానికి తగిలింది. "ఎవడ్రా!" అని లోపలి నుంచి కేక. ఇనుప మూత నేల మీద ఖణేల్మని పడిన చప్పుడు వినిపించింది. ఆమె గోడకు కాలు తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బరువంతా వెనక్కు వేసి లాగింది. తడి నేల మీద అతని నడుము జారింది, ఛాతీ జారింది, తల బయటికి వచ్చింది. అప్పుడు టక్కుమంది వాల్వు.

ఆవిరి బుస్సుమంటూ తెరిచిన రంధ్రంలోంచి కిందికి కొట్టింది. ఒక్క క్షణం కింద సేవ్యా ముఖం ఉన్న చోట తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడలేదు. బ్రష్షు పట్టుకున్న అతని కుడి చెయ్యి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. అతను గట్టిగా కేక పెట్టి చెయ్యి లాక్కున్నాడు. లేచి, తూలుతూనే బాయిలరు దగ్గరికి పోయి, ఎడమ చేత్తో పెద్ద చక్రం తిప్పి ఆవిరి మొత్తం కట్టేశాడు. ప్రత్యూష తడి నేల మీదే ఉండిపోయింది.

అతను తిరిగి వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. మణికట్టు మీద చర్మం ఉబ్బి బొబ్బలెక్కుతోంది. దాన్ని చూసుకోకుండా ఆఫీసు గది వైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"మేడం, నీకు దండం పెడ్త. సేటుకు చెప్పకు. నాకే ఆలస్యమైంది."

ఆమెకు అర్థం కాలేదు. "ఏంది?"

"మునుపటి లెక్క చేతులు ఆడ్తలేవు. పది నిమిషాలైనట్టే తెల్వలే నాకు. మా అన్న హన్మా గిట్లనే పోయిండు, గీ తొట్టి కిందనే. తాగి ఆలస్యం జేసిండన్నరు. గప్పటిసంది నేను ఉరికి ఉరికి చేస్తున్న. ఇయ్యాల నాకు గూడ గట్లనే అయింది. ముసలోడైండని తెలిస్తే తీసేస్తరు."

"సేవ్యన్నా..."

"గా కంప్యూటర్ ఒక్కనాడు తప్పలే మేడం. తప్పేది మనిషే."

అప్పటికే సీతారామయ్య ధోవతి ఎత్తిపట్టుకుని పరుగున వచ్చాడు. "ఏమైందిరా? ఏమైంది?"

ప్రత్యూష నోరు తెరిచేలోగానే సేవ్యా లేచి నిలబడ్డాడు. "ఏం గాలే సేటు. జర ఆలస్యం జేసిన. మేడం గుంజింది."

"వయసు మీద వడ్డది నీకు. ఎన్నిపార్లు చెప్పిన పైలమని!" అని సీతారామయ్య తల పట్టుకున్నాడు.

ఆ ఒక్క క్షణం ప్రత్యూష నోరు మూసుకుని ఉంటే చాలు. ఆమె షాపు పేరుకు మచ్చ పడదు. వేగం తగ్గించి పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. పైగా ప్రాణం కాపాడిన మనిషిగా ఊరంతా చెప్పుకుంటారు. అంత నీచమైన ఆలోచన తనకు వచ్చినందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది. లేచి నిలబడింది.

"సేటు, సేవ్యన్న ఆలస్యం జెయ్యలే. లోపలికి పోయి నిమిషం గూడ గాలే. తప్పు నాది."

దామోదర్ సారు చెప్పినదంతా చెప్పింది. మిషను మారితే తెర మీది పది నిమిషాలు పది నిమిషాలు కావని, తాను వేగం పెంచి వాటిని ఒక్క నిమిషం చేసిందని, గడియారం పెట్టి చూసుకోలేదని, అంతా ఎన్కటి లెక్కనేనని సేవ్యాకు అబద్ధం లాంటి మాట చెప్పిందని. సీతారామయ్య తొట్టి వైపు చూశాడు, సేవ్యా చెయ్యి చూశాడు. "నేనే తొందర వెట్టిన గదా నిన్ను" అన్నాడు నెమ్మదిగా. చెడ్డవాడేమీ కాదు ఆయన.

మొదట సేవ్యా ముఖం తేలిక పడింది. తన చేతులు తనను మోసం చేయలేదని తెలిసి కావచ్చు. తర్వాత ఆ ముఖంలో ఏదో మారుతూ వచ్చింది.

"మేడం, కంప్యూటర్ మారిస్తే గిట్లయితదా?"

"అయితది."

"ఎంత జోరుదైతే గంత తక్కువ టైం ఇస్తదా?"

"అవును సేవ్యన్నా."

అతను ఆమెను వదిలి సేటు వైపు తిరిగాడు. "మా అన్న సచ్చిపోయిన ఏడు దసరాకే గదా సేటు, మొదటి కంప్యూటర్ తీసి, మొన్న కాలిపోయిన గీ కంప్యూటర్ పెట్టిచ్చింది? దీపావళి ముందర పోయిండు మా అన్న."

సీతారామయ్య ముఖంలో నెత్తురు లేదు. "గప్పుడు ఏం మార్చలేదురా. ప్రోగ్రాం గదే. మిషనొక్కటే మార్చినం" అన్నాడు. అన్నాక తానేం అన్నాడో ఆయనకే వినిపించినట్టుంది. పక్కన ఉన్న బస్తా మీద కూర్చుండిపోయాడు.

కాలిన డబ్బా విప్పింది ప్రత్యూషే. లోపలి బోర్డు తొంభై ఎనిమిదిది కాదు, ఆ తర్వాతది, రెండింతలు వేగం గలది. అప్పుడు ఆ సంగతిని ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు నాకు తెలియదంటే ఇక్కడ ఎవరూ కాదనలేరు.

"దాంట్ల ఐదు నిమిషాలుంటది సేవ్యన్నా. పది లేకుండె" అంది.

మిల్లు అవతలి వైపు పని ఆగలేదు, రొద అలాగే ఉంది. సేవ్యా తొట్టి కిందికి వంగి చూశాడు.

"మా అన్న ఆలస్యం జెయ్యలే" అన్నాడు. అడగడం కాదు అది. "మా వదిన పదమూడేండ్లసంది తిడ్తున్నది ఆయన్ని. తాగి సచ్చి పిల్లల ఆగం జేసిండని. నడువు మేడం. పెద్దవూర అవుతల మా తండా. గీ మాట నువ్వే చెప్పాలె. నేను చెప్తే నమ్మది, అన్న మీది ప్రేమతోని అంటున్ననంటది."

"సేవ్యా, చేతికి దవాఖానల..." అన్నాడు సీతారామయ్య. ఆ తర్వాత అలవాటు కొద్దీ, "వడ్లు?" అని కూడా అన్నాడు. తొట్టి లోంచి అప్పుడే సన్నగా పులుపు వాసన మొదలైంది. సేవ్యా అప్పటికే గేటు వైపు నడిచాడు.

దారిలో చేతికి మందు రాయించి కట్టు కట్టించారు. బండి ప్రత్యూష నడిపింది. సేవ్యా వెనక కూర్చున్నాడు. ఆ మాటను ఎలా మొదలుపెట్టాలో ఆమె దారి పొడవునా వెతుక్కుంది. దొరకలేదు.

హన్మా భార్య వాకిట్లో పత్తి ఏరుతూ కూర్చుని ఉంది. సేవ్యా వాళ్ల భాషలో రెండు ముక్కలు చెప్పి పక్కకు తప్పుకున్నాడు. ప్రత్యూష నేల మీద ఆమె ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, మీ ఆయన ఆలస్యం జెయ్యలే. పది నిమిషాలని చెప్పిండ్రు, మిషన్ ఐదే ఇచ్చింది."

ఆమె చేతిలో పత్తి కాయ అలాగే ఉండిపోయింది. మళ్లీ చెప్పమంది. ప్రత్యూష మళ్లీ చెప్పింది, తన తప్పుతో సహా మొత్తం చెప్పింది. ఆమె మరిదిని చూసింది, అతని కట్టు చూసింది. ఏడవలేదు. ఏడుపు కన్నా భయంకరంగా ఉంది ఆ ముఖం.

"దీపావళికి పెద్దలకు పెట్టినప్పుడు అందరి పేర్లు తీసి పిలుస్తం బిడ్డా" అంది చివరికి. "ఆయన పేరు ఒక్కనాడు తియ్యలే నేను. తియ్యనియ్యలే పిల్లల్ని గూడ."

దీపావళికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.